ఏటికెదురీదు చేపలు: ఒక శరత్కాలపు ప్రయాణమునకు ఏర్పాట్లు



నేను కృష్ణాజిల్లా పామిడిముక్కల గ్రామవాసిని. వ్యవసాయము మా యింటి వృత్తి. కొంతకాలము పిల్లలకు చదువు చెప్పితిని. ఇప్పుడు 78 ఏండ్ల వయస్సున అరుగుమీద కూర్చుండి కాలువలో నీరు పోవుట చూచుచు ప్రొద్దుపుచ్చుచున్నాను. అట్టివాడు చేపలవేటను గూర్చి ప్రసంగింప బూనుట వింతగ తోపవచ్చును. మత్స్యమాంసములు ముట్టని పెద్దలును శ్రోతలలో నుందురు. వారు నన్ను మన్నింతురుగాక. నేను చెప్పబోవు మాటలు నాలుకకంటె నదికి సంబంధించినవి.

ఈ యేడు వేసవిలో అమెరికానుండి నా మనుమడు జాబు వ్రాసెను. అతడు సియాటిల్ అను నగరమున ఉద్యోగము చేయుచున్నాడు. అచ్చట ఒక పెద్ద మంచినీటి సరస్సును సముద్రమును కలుపుచు 1917 సంవత్సరమున లాకులు కట్టిరి. మన వీరంకి లాకు నెఱిగినవారికి లాకన నేమో చెప్ప బనిలేదు. పడవ లోపలికి వచ్చును, తలుపులు మూయుదురు, నీరు పెంచుదురు, పడవ పైకి లేచును. అయితే ఆ లాకుల ప్రక్కను ఒక విశేష మున్నదట. చేపలు పైకెక్కుటకై మెట్లు కట్టిరి. ఒక తొట్టినుండి మరియొక తొట్టిలోనికి నీరు దుముకుచుండును. సముద్రమునుండి వచ్చిన సాల్మను చేపలు ఆ నీటి కెదురుగ ఒక్కొక్క మెట్టే ఎగిరి సరస్సులోనికి పోవును. గోడలో అద్దములు బిగించియున్నందున జనులు నిలువబడి చూడవచ్చును. ఇదంతయు వ్రాసి నా మనుమడు చివరకు ఇట్లు వ్రాసెను: “తాతయ్యా, దసరాకు వచ్చుచున్నాను. మన కృష్ణలో ఇట్టి చేపలు ఎక్కునా? ఎక్కునేని ఒక దినము నన్ను వేటకు తీసికొనిపొండి.”

చిన్న ప్రశ్నయే. కాని దానికి ప్రత్యుత్తరము వ్రాయుటకు నాకు మూడు వారములు పట్టినది. ఆ మూడు వారములలో నేను విచారించి తెలిసికొనినదియు, చేసిన ఏర్పాట్లును మీకు నివేదించుచున్నాను. మీ యిండ్లకును సెలవులకు పిల్లలు వత్తురు, నది చూపుమని అడుగుదురు. అందుచే ఇది ఒక్క నా గొడవయే కాదని తలంతును.

ముందుగా చేప సంగతి. సాల్మను నదిలో పుట్టి, చిన్నతనమున సముద్రమునకు దిగిపోయి, అచ్చట కొన్ని యేండ్లు పెరిగి, గ్రుడ్లు పెట్టుటకు మరల తాను పుట్టిన నదికే వచ్చును. పుట్టిన నీటి వాసననుబట్టి త్రోవ పోల్చుకొనునని శాస్త్రజ్ఞులు తేల్చినారు. పసిఫిక్ సముద్రపు సాల్మనులలో పెక్కు జాతులు గ్రుడ్లు పెట్టిన పిమ్మట మరణించును. అది చలిదేశపు చేప. మన నదులలో లేదు. పూర్వము మన తీరమున నివసించిన ఆంగ్లేయులు మన మాగచేపకు ‘ఇండియన్ సాల్మన్’ అని పేరు పెట్టిరి. నేటికిని పట్టణపు బజారులలో ఆ పేరు వినబడును. అది పేరువఱకే. మాగ సముద్రమునను మొగలయందును తిరుగు చేపయే కాని, ఏటి కెదురీది పోవు యాత్రికుడు కాదు.

మనకు నిజముగ ఆ నడవడి గల చేప యొకటి కలదు. గోదావరి వారు దానిని పులస యందురు. సముద్రములో నున్నంతవఱకు విలస యనియు ఇలస యనియు పేరు. ఏటి క్రొత్తనీరు తగిలి, ఎదురీది వచ్చినపిదప పులస యగును. వంగదేశీయులు ఇలిష యనునది దీనినే. 1822లో ఫ్రాన్సిస్ హామిల్టను అను వైద్యుడు గంగానదిలోని మత్స్యములను గూర్చి వ్రాసిన గ్రంథమున దీనిని వర్ణించి శాస్త్రలోకమునకు తెలిపెను. శ్రావణ భాద్రపదములలో ఏటికి ఎఱ్ఱనీరు వచ్చినప్పుడు ఇది గుంపులుగ నదిలోని కెక్కును. ఒక్కొక్క ఆడుచేప కడుపున లక్షలకొలది గ్రుడ్లుండును. గ్రుడ్లు పెట్టి, సాల్మనువలె మరణింపక, తిరిగి సముద్రమునకు పోవును. పిల్లలు కొన్ని మాసములు నదిలో పెరిగి పిమ్మట తల్లుల దారినే దిగిపోవును.

గాలము వేయ నుత్సాహపడువారు ఒక్క సంగతి యెఱుగవలెను. పులస ఎఱను మ్రింగదు. నీటిలో కంటి కానని సూక్ష్మజీవులను వడగట్టుకొని తినుట దాని స్వభావము. కావున దానికి వలయే గతి. ఏటికి అడ్డముగ వలను తెరవలె వ్రేలాడదీసి, పడవను ప్రవాహమున వదలి, రాత్రియనక పగలనక కాచుకొని యుందురు. మొప్పలు కన్నులలో చిక్కుకొని చేప పడును. నీటినుండి తీసిన కొంతసేపటికే ప్రాణము విడుచును.

ఈ చేప కృష్ణలోనికి రాదా? వచ్చెడిది. గోదావరివలెనే కృష్ణయు దానికి పుట్టినిల్లే. తమ చిన్నతనమున వఱదనీటితో విలస తోట్లవల్లూరు రేవువఱకు వచ్చెడిదని, గంపలలో ఊళ్ల కమ్మ తెచ్చెడివారని మా తండ్రిగారు చెప్పెడివారు. నా చిన్నతనమునకు అది అరుదైనది. నా పిల్లల చిన్నతనమునకు కథ యైనది.

దీనికి కారణము వెదకబోయిన నాకు మన ఆనకట్టయే ఎదురువచ్చినది. ఇక్కడ నేను జాగ్రత్తగా మాటలాడవలెను, ఏలయన నేను తిన్న ప్రతి మెతుకును ఆ ఆనకట్ట పెట్టినదే. 1832–33లో, నందన నామ సంవత్సరమున, గుంటూరు సీమలో డొక్కల కరవు వచ్చి జనులు తుడిచిపెట్టుకొని పోయిరి. కాటన్ దొరగారు ధవళేశ్వరమున ఆనకట్ట పని 1847లో మొదలిడి 1852లో ముగించిరి. బెజవాడయొద్ద కృష్ణ ఆనకట్టను కెప్టెన్ ఓర్ అను నాతడు 1852 మొదలు 1855 వఱకు కట్టించెను. అది 1952లో గండి పడినది. దానికి బదులుగ 1957లో ప్రకాశం బ్యారేజి ఏర్పడినది. తరువాత పదేండ్లకు, 1967లో, నాగార్జునసాగరమునుండి కాలువలకు నీరు విడిచిరి. ఇట్లు ఒకదానివెంట నొకటి కట్టిన కట్టలవలన మనకు అన్నము వచ్చినది. చేపకు పైదారి మూతపడినది. దిగువను నీరు తఱిగినది. వఱద దినములలో దప్ప సముద్రమునకు పోవు ప్రవాహమే లేని నదిని, క్రొత్తనీటి జాడనుబట్టి వచ్చు చేప యెట్లు కనుగొనును?

ఈ మాట క్రొత్తది కాదు. మదరాసు సైన్యమున వైద్యుడై, పిదప మత్స్యశాస్త్రజ్ఞుడుగ ప్రసిద్ధికెక్కిన ఫ్రాన్సిస్ డే 1873లోనే తన నివేదికయందు, ఆనకట్టలు చేపల రాకపోకల కడ్డమగుచున్నవనియు వానికి త్రోవ విడువవలెననియు వ్రాసెను. తమిళదేశమున కొల్లిడము ఆనకట్టకు చేపల మెట్లు కట్టిచూచిరి. ప్రయోజనము కానరాలేదు. పులస జాతి సాల్మనువలె ఎగిరి దూకునది కాదు. చలిదేశపు చేపకు కట్టిన మెట్లు మన చేపకు అక్కఱకు రాలేదు. గంగపై ఫరక్కాయొద్ద 1975లో బ్యారేజి పనిచేయ నారంభించినపిదప, అంతకుముందు అలహాబాదును దాటి పోయెడి ఇలిష అచ్చట మిక్కిలి తఱిగిపోయినది. ఇప్పుడు బారకపురమునందలి కేంద్ర మత్స్యపరిశోధన సంస్థవారు ఫరక్కాకు దిగువను పట్టిన ఇలిషలను ప్రాణముతో ఎగువకు చేర్చి వదలుచున్నారు. కొన్నిటికి గుర్తులు కట్టి అవి ఎందాక పోవుచున్నవో కనిపెట్టుచున్నారు. బంగ్లాదేశమువారు ఆశ్వయుజ పూర్ణిమ దినములలో 22 రోజులు ఇలిష వేటను నిషేధించి, ఆ కాలమున బెస్తలకు బియ్యము పంచుచున్నారు. త్రోవలు లేకపోలేదు. సాల్మను త్రోవ మనది కాదని మాత్రము గ్రహింపవలెను.

మన కాలువలకు 2015 మొదలు పట్టిసీమ ఎత్తిపోతలద్వారా గోదావరి నీరు కూడ వచ్చుచున్నది. నీరు వచ్చినది గాని, పులస రాలేదు.

ఇక ప్రయాణపు ఏర్పాట్లు. మొదటి ప్రశ్న: ఎక్కడికి? పులసయే కావలెనన్నచో గోదావరికి, సిద్ధాంతమునకో రావులపాలెమునకో పోవలెను. అచ్చట ఒక్క చేపకు వేలకొలది రూపాయలు పలుకుచున్నవి. “పుస్తెలమ్మియైనను పులస తినవలె” నను సామెతను మన బంధువులు నవ్వుచు చెప్పుదురు. ఆ సామెత పుట్టినప్పుడు పుస్తెలు అరుదు, పులసలు విస్తారము. నేడు పులసయే పుస్తెకంటె అరుదగుచున్నది. సొమ్మిచ్చి కొని తెచ్చుట వేట కాదు. పైగా, అన్ని మైళ్లు ఎదురీది, వలలన్నియు తప్పించుకొని, కడుపునిండ గ్రుడ్లతో వచ్చిన తల్లిచేపను చూపి “ఇదే మన సాల్మను” అని మనుమనికి చెప్పి, ఆ సాయంకాలమే పులుసు పెట్టించుటకు నాకు మనసొప్పలేదు. నేను చేపలు తినువాడనే. అందుచేత గోదావరి వద్దనుకొంటిని.

మిగిలినవి మన కృష్ణలో రెండు చోట్లు. ఒకటి ఉయ్యూరు మీదుగ తోట్లవల్లూరు రేవు, అచ్చటి లంకలు. రెండవది పులిగడ్డయొద్ద ఏరు చీలి దివిసీమను చుట్టినపిదప, నాగాయలంక దిగువను, మడచెట్ల నడుమ ఉప్పునీరు తీపినీరు కలియు చోటు. మొదటిచోట జెల్లలు, వాలుగలు గాలమునకు దొరకును. ఎఱ్ఱలును పిండిముద్దలును చాలును. రెండవచోట పండుగప్ప దొరకును. పండుగప్ప నడవడి పులసకు తలక్రిందులు. అది సముద్రపు మొగలయందు పుట్టి, పిన్నతనమున తీపినీటికి వచ్చి పెరిగి, గ్రుడ్లు పెట్టుటకు మరల ఉప్పునీటికి పోవును. ఒకటి నదిని పుట్టినిల్లుగ నెంచును, ఇంకొకటి మేనమామ యిల్లుగ నెంచును. రెండింటికిని త్రోవ తెఱచియుండవలెను. ఈ సంగతి మనుమనికి నీటిమీదనే చెప్పవలెనని, ఒక దినము తోట్లవల్లూరునకును, ఒక దినము నాగాయలంకకును కేటాయించితిని.

రెండవ ప్రశ్న: ఎప్పుడు? శరత్కాలమున ఆకాశము చూచి మోసపోరాదు. ఇక్కడ ఎండ కాయుచుండగా ఎగువను ఎక్కడనో వానలు కురిసి, గేట్లెత్తుదురు. 2009 అక్టోబరులోను, 2024 సెప్టెంబరు మొదటి దినములలోను ప్రకాశం బ్యారేజినుండి 11 లక్షల క్యూసెక్కులకు మించిన నీరు దిగినది. బ్యారేజియొద్ద 3 లక్షల 97 వేల క్యూసెక్కులకు మొదటి ప్రమాద సూచనయు, 5 లక్షల 69 వేల క్యూసెక్కులకు రెండవ సూచనయు ఇత్తురు. మొదటి సూచన వఱకు వేచియుండుట వేటగానికి తగదు. ఏటినీరు ముందురోజుకంటె ఎఱ్ఱబాఱినను, నురుగు, పుల్లలు, చెత్త కొట్టుకొని వచ్చినను ఆ దినము లంకకు పోరాదు.

దివిసీమకు ఇంకొక భయము కలదు. అమావాస్య పూర్ణిమలకు పోటు హెచ్చు. నీటి రాకపోకల నెఱుగనివాడు మడచెట్ల నడుమ చిక్కుకొనును. ఆశ్వయుజ కార్తికములు తుపానుల కాలము. 1977 నవంబరు 19వ తేదీని గూర్చి మన శ్రోతలకు నేను చెప్పనక్కఱలేదు. ఆ రాత్రి అలలో పోయినవారికి తిలోదకము లిచ్చిన చేతులు మనలో ఇంకను కలవు. వాయుగుండమను మాట రేడియోలో వినబడినయెడల, మనుమడు ఎంత దూరమునుండి వచ్చినను, సెలవులు ఎంత కొద్దివైనను, ప్రయాణము మానవలెను. నేను దసరా వెళ్లినపిదప సప్తమి అష్టమి దినములను, పోటు తక్కువగ నుండునప్పుడు, నిర్ణయించితిని.

మూడవ ప్రశ్న: ఎవరితో? ఈ ప్రశ్నకు జవాబు చెప్పుటకే నాకు మూడు వారములు పట్టినది.

నాకు 19 ఏండ్ల వయస్సున, భాద్రపద మాసమున, మేము నలుగురము స్నేహితులము తోట్లవల్లూరు రేవునకు పోయి, లంకకు దాటించుమని ఒక పడవవానిని అడిగితిమి. ఆయన నీటివంక చూచి, “బాబూ, నీటి రంగు మాఱినది, ఈ పూట వద్దు,” అనెను. మేము వినలేదు. రెట్టింపు కూలి యిచ్చెదమంటిమి. పిఱికివాడవని నవ్వితిమి. ఆ నవ్విన వారిలో నేనే ముందు. ఆయన మఱుమాట లేక మమ్ము దాటించెను. మధ్యాహ్నమునకు నీరు పొంగినది. సాయంకాలమునకు కట్టిన పడవ త్రాడు తెంపుకొని, వలలతో గూడ కొట్టుకొనిపోయినది. ఆయన మమ్ము నలుగురను ఒక పొలపుమంచె మీది కెక్కించి, తాను క్రింద మొలలోతు నీటిలో, గుంజ పట్టుకొని తెల్లవారులు నిలిచెను. మఱునాడు వేఱు పడవలు వచ్చి మమ్ము దింపినవి.

ప్రాణములు దక్కినవి. మా పెద్దలు చందా వేసి ఆయనకు కొంత సొమ్మిచ్చిరి. అది పడవ వెలలో సగము కూడ కాదు. ఆయన తీసికొని నమస్కరించి పోయెను. తరువాత నేను చదువులో పడితిని. ఉద్యోగము, పెండ్లి, పిల్లలు. తోట్లవల్లూరు మా యూరికి ఎంత దూరము? అయినను ఆ రేవునకు మరల పోలేదు.

ఈ శ్రావణమున పోయితిని. ఆయన గతించి చాల యేండ్లైనది. ఆయన కుమారుడు నాకంటె ఏడేండ్లు చిన్న. నేటికిని నీటిమీదనే బ్రతుకుచున్నాడు. తెడ్డు ఇప్పుడు అతని కొడుకు పట్టుచున్నాడు. నేనెవరినో చెప్పితిని. అతడు నన్ను కూర్చుండ బెట్టి మజ్జిగ యిచ్చెను. ఆ పడవ సంగతి నేనే యెత్తితిని. అతడు కొంచెముసేపు ఊరకుండి, “అవునండీ, ఆ యేడే నన్ను బడి మాన్పించినారు. నాన్న కూలికి పోయెను, నేను గొడ్లవెంట పోతిని,” అనెను. నిష్ఠురముగ ననలేదు. జరిగినది జరిగినట్లు చెప్పెను.

శ్రోతలారా, నేను ముప్పది యేండ్లు బడిలో పాఠములు చెప్పినవాడను. ఎందఱి పిల్లలనో బడికి పంపుమని ఇంటింట తిరిగి తండ్రులను బతిమాలినవాడను. మాకు ఆరుమైళ్ల దూరమున నా నవ్వువలన ఒక పిల్లవాని బడి నిలిచిపోయినదని ఎఱుగకయే తిరిగితిని. ఆ మాటకు ఏమి బదులు చెప్పుదును? పడవ వెలలో మిగిలిన సగమును నేటి లెక్కకు తీసికొనుమని అడిగితిని. అతడు వద్దనెను. “మీ మనుమని తీసికొని రండి. కూలి మామూలు కూలియే. కాని ఒక్కమాట. నేను వెనుకకు తిరుగుమన్నప్పుడు తిరుగవలెను,” అనెను. అట్లే యని మాట యిచ్చితిని.

కావున మా ప్రయాణమునకు నాయకుడు నేను కాను, అతడే. నీళ్ల పెద్దఱికము వయస్సునుబట్టియు చదువునుబట్టియు వచ్చునది కాదు. ఏటిని దినదినము చూచువానిదే ఆ పెద్దఱికము. మీ పిల్లలను పంపునప్పుడు ఈ ఒక్క నియమము పాటింపుడు. పడవవాడు వద్దన్న పూట పోవలదు. అతనికి కూలితోబాటు, కాదను హక్కును కూడ ఇయ్యవలెను.

తక్కినవి చిన్న సంగతులు. ఎక్కినవారందఱకు తేలుచొక్కాలు, పొడవైన మోకు, త్రాగునీరు, చద్ది మూట, టార్చిలైటు, గాలపుముల్లు గ్రుచ్చుకొన్నయెడల కట్టుటకు శుభ్రమైన గుడ్డ, మందు. కల్లుసారాయములు వలదు. ఇసుక త్రవ్విన గుంతలు నీటి క్రింద కానరావు. అందుచే మోకాలిలోతని నమ్మి దిగరాదు. మత్స్యశాఖవారి నిబంధనలను ముందుగ విచారించుకొనవలెను. గాలమునకు పడిన పిల్లచేపను తడిచేతితో విడిచిపెట్టవలెను. కడుపు నిండిన చేప పడినచో దానిని కూడ నీటికే అప్పగింపవలెను. ఇంటికి ఒక్క పూట కూరకు మించి తేరాదని మాలో మేము నియమము చేసికొంటిమి.

మనుమనికి నేను వ్రాసిన ప్రత్యుత్తరము చిన్నది. “నాయనా, మన కృష్ణలో ఎక్కెడి చేప యుండెను. దానికి మెట్లు కట్టి చూచిన చోట అవి పనికిరాలేదు. మనము అన్నము తినుటకై దాని దారి మూసితిమి. ఆ అన్నమే నిన్ను అంత దూరము పంపినది. రమ్ము, ఆ దారి చూపెదను. పడవలో మఱియొక కథ చెప్పవలసియున్నది. అది చెప్పునప్పుడు పడవ పెద్ద కూడ వినుచుండును.”

అతని టిక్కెట్టు వచ్చినది. పడవ మాటలాడినాము. ఏటినీరు మాత్రము ఆ దినమున ఎట్లుండునో, పోవుటయో మానుటయో, రేవులో నిర్ణయమగును. పోలేకపోయినచో గట్టుమీద కూర్చుండియే ఆ కథ చెప్పెదను.

సెలవు.